జానెడు సముద్రం

పక్కింటి డేనియల్ అవతలి గదిలో జాకీ పెట్టి తన ఇంటి నేలను పైకి లేపుతున్నాడని వెంకటరత్నం నమ్మాడు. అనుమానం కాదు, నమ్మకం. లారీకి పెట్టే జాకీ, నూనెతో నడిచేది. ఊరు పడుకున్నాక రెండు పంపులు కొడతాడు. తెల్లారేసరికి నేల ఒక గింజెత్తు లేస్తుంది. గిట్టనివాడి పని అలాగే ఉంటుంది, నిదానంగా, పద్ధతిగా.

రాయపూర్ పక్కన సిల్తారాలో ఉక్కు కొలిమి దగ్గర జుట్టు నెరిసిన మనిషి ఇలాంటి మాట ఎలా నమ్మాడో చెప్పాలంటే ఇంటి సంగతి చెప్పాలి.

వెంకటరత్నానిది పార్వతీపురం అవతల పల్లె. డేనియల్‌ది బాపట్ల వైపు. ఒకడు ఉక్కు ప్లాంటు, ఇంకొకడు రైల్వేలో గూడ్సు గార్డు. మోవా బజారులో మునక్కాడల బుట్ట దగ్గర ఒకరి తెలుగు ఒకరు విన్నారు. అంతే, స్నేహం. తర్వాత ఇద్దరూ కలిసి బిలాస్‌పూర్ రోడ్డు లోపలికి ఒకే స్థలం కొన్నారు. ఒకే ఇల్లు రెండు వాటాలుగా కట్టారు. మధ్యలో ఒక గోడ, గోడకు ఒక తలుపు. ఆ తలుపు గుండా వెంకటరత్నం భార్య అప్పలనరసమ్మ, డేనియల్ భార్య రత్నకుమారి కూర గిన్నెలు అటూ ఇటూ తిప్పేవాళ్లు. మగవాళ్లు అటూ ఇటూ సలహాలు తిప్పేవాళ్లు.

స్థలం పల్లం. పునాది ఎత్తుగా లేపి లోపల మొరం నింపాలి. మొరం దేనికి, మా ప్లాంటు వెనక స్లాగు కొండలా పడి ఉంది, ఊరికే వస్తుంది అన్నాడు వెంకటరత్నం. స్లాగు అంటే కొలిమిలో ఇనుము మీద తేలే మడ్డి, ఆరితే నల్లరాయి. టిప్పరు నేను మాట్లాడతా అన్నాడు డేనియల్. స్లాగులో చల్లారని సున్నం ఉంటుంది. దాన్ని ఏడాది పాటు ఎండకూ వానకూ వదిలేసి అప్పుడు వాడాలి. లేకపోతే నీళ్లు తగిలినప్పుడల్లా ఉబ్బుతుంది. ఈ మాట ప్లాంటులో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు. వెంకటరత్నం ఎంతోమందికి చెప్పాడు కూడా. కానీ సొంత ఇల్లు. తొందర. తెచ్చిన వారానికే పోసి, దిమ్మిస కొట్టి, పైన కాంక్రీటు వేసి, టైల్సు పరిచారు. నీళ్లు తగలలేదు కాబట్టి చాలా ఏళ్లు ఏమీ కాలేదు. ఈలోగా వెంకటరత్నం ఎవరడిగినా మొరమే అని చెప్పి చెప్పి, చివరికి తనే మొరమని నమ్మాడు.

గొడవ మోటారు దగ్గర వచ్చింది. ఇద్దరికీ ఒకే బోరు, ఒకే మోటారు. ఎండాకాలంలో బోరులో నీళ్లు తగ్గాయి. ఎవరో మోటారు వేసి మరిచిపోయారు. అది ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోయింది. నువ్వే అన్నాడు ఒకడు. నువ్వే అన్నాడు ఇంకొకడు. పచ్చజెండా ఊపడం తప్ప నీకేటి తెలుసు అన్నాడు వెంకటరత్నం. నీ కొలిమిలో కరిగింది ఇనుము కాదు నీ బుర్రే అన్నాడు డేనియల్. ఆ తర్వాత తొమ్మిదేళ్లు మాటల్లేవు.

ఇంటిని చీల్చారు. ఎవరి బోరు, ఎవరి మోటారు వాళ్లు వేరే పెట్టుకున్నారు. మిషను పెట్టి స్లాబు కోశారు. మధ్యగోడ పడగొట్టి ఎవరి వైపు వాళ్లు కొత్త గోడ కట్టుకున్నారు. పాత తలుపు ఉన్నచోట మాత్రం మేస్త్రీ ఎవరికీ చెప్పకుండా రెండు గోడల్లోనూ పైన దూలం వేసి, కింద ఒంటి ఇటుక పేర్చి మూశాడు. ఇలాంటి గోడలు చాలా కట్టినవాడు, మళ్లీ తనకే పని పడుతుందని తెలిసినవాడు. వెంకటరత్నం అక్కడితో ఆగలేదు. పెరట్లోకి వెళితే డేనియల్ కనబడతాడని పెరటి తలుపును ఇటుకలతో మూయించాడు. కిటికీలకు తనే నిలబడి చుట్టుపక్కల ఎవరికీ లేనంత లావు ఊచలు వెల్డింగు చేయించాడు.

రెండు గోడల మధ్య జానెడు సందు మిగిలింది. దాని మీద ఒక రేకు వేస్తే సరిపోయేది. వేసినవాడు సందు తనదన్నట్టు. వెయ్యనిచ్చినవాడు అది ఎదుటివాడిదని ఒప్పుకున్నట్టు. అందుకని ఎవరూ వెయ్యలేదు, ఎవరినీ వెయ్యనివ్వలేదు. రాయపూర్ వానలన్నీ ఏటేటా ఆ సందులోకి పడ్డాయి.

మరుసటి ఏడే సందు పక్క టైల్సు లేచాయి. బీరువా తలుపులు వాటంతట అవే తెరుచుకుని ఎవరినో లోపలికి పిలుస్తున్నట్టు నిలబడేవి. తర్వాతి వానలకు టీవీ బల్ల వంగింది. ఆ తర్వాత మంచం. అప్పలనరసమ్మ ఉన్నన్నాళ్లూ మంచం కోడు కింద అట్టముక్కలు పెట్టి సర్దేది. ఆమె పోయింది. అట్టముక్కలు ఎటు పెట్టాలో వెంకటరత్నానికి తెలియలేదు. తల కిందికి, కాళ్లు పైకి పెట్టుకుని పడుకునేవాడు. రక్తం బుర్రకెక్కేది. జాకీ ఆలోచన అప్పుడే వచ్చింది.

రుజువు కోసం గోడకు స్టీలు గ్లాసు ఆనించి విన్నాడు. అవతల ఎవరో ఊపిరి తీస్తున్నారు. దొరికాడనుకున్నాడు. నిజానికి అవతల డేనియల్ తన భార్య స్టెతస్కోపు గోడకు పెట్టి వింటున్నాడు. రత్నకుమారి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. డేనియల్ వైపు నేల కూడా లేస్తోంది, ఆయనకూ జాకీ అనుమానమే వచ్చింది. ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు విని, ఒకరి నేరం ఒకరికి ఖాయం చేసుకుని లేచారు.

ఆ సమయంలో ఫణిశ్రీ వచ్చింది. అప్పలనరసమ్మ చెల్లెలి కూతురు. రాయపూర్‌లోనే భూగర్భశాస్త్రంలో పీహెచ్‌డీ. హాస్టల్ తిండి పడక పెదనాన్న ఇంట్లో దిగింది. మొదటిరోజే హాల్లో బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి చూసింది.

"పెదనాన్నా, నీ ఇల్లు బ్రహ్మాండంగా ఉంది."

"ఏటి బ్రహ్మాండం. వంకర కొంప."

"అదే. నేను చదువుతోంది దీని గురించే."

ఆ సాయంత్రం ఆమె చెప్పింది. ఒకప్పుడు మన తూర్పు తీరం అంటార్కిటికాను అతుక్కుని ఉండేది. పదమూడు కోట్ల ఏళ్ల కిందట ఆ రెండూ చీలి విడిపోయాయి. మధ్యలో సముద్రం వచ్చింది. భూమి పైపెంకు కింద మాంటిల్ ఉంటుంది. రాయే, కానీ వేడిరాయి, లక్షల ఏళ్ల మీద చూస్తే పాకంలా కదులుతుంది. ఖండం అడుగున చల్లటి, బరువైన వేరు ఉంటుంది. ఖండం చీలినచోట కింద ఒక అలజడి పుడుతుంది. అది అక్కడ ఆగదు. అలలాగా ఖండం కింద లోపలికి నడుస్తుంది. నడుస్తూ నడుస్తూ ఆ వేరును పొరలు పొరలుగా ఊడదీసి కిందికి జారుస్తుంది. బరువు జారిపోయిన చోట పైన నేల తేలుతుంది.

"పడవ అడుక్కి కట్టిన రాయి తెగిపోతే పడవ లేవదూ? అలాగ."

"ఎంత బేగి నడుస్తాది?"

"పది లక్షల ఏళ్లకు పదిహేనో ఇరవయ్యో కిలోమీటర్లు."

"మన టాటీబంధ్ చౌరస్తా ట్రాఫిక్కే నయం."

"అందుకే చీలిక పక్కన కొండలు ముందు లేస్తాయి, లోపలి పీఠభూమి చాలా చాలా తర్వాత లేస్తుంది. మిగతా చోట్ల ఇలా జరిగిందని కొందరు లెక్కలు కట్టి చూపించారు. మన తూర్పు కనుమల్లోనూ, కోరాపుట్ వైపూ, బస్తర్ వైపూ అలాగే జరిగిందా అని నేను చూస్తున్నాను. మీ రైలు పార్వతీపురం దాటాక ఘాట్ ఎక్కుతుంది చూడు, అక్కడి నుంచి."

"కొండలు దేవుడు పెట్టినాడు. రైలును ఇంజను లాగుతున్నాది. మజ్జిలో నీ అల ఏటి సేస్తాది?"

ఫణిశ్రీ గోడ వైపు చూపించింది. "ఇక్కడ చీలింది. ముందు ఇక్కడ లేచింది. తర్వాత బీరువా, టీవీ, మంచం. ఏడాదికేడాది లోపలికి వస్తోంది. ఆ సందు బంగాళాఖాతం. నువ్వు ఇండియా, డేనియల్ అంకుల్ అంటార్కిటికా. పునాదిలో ఏం పోశారు పెదనాన్నా?"

"మొరం."

"మొరం ఉబ్బదే."

"నేను సెప్పలేదేటి. అది జాకీ."

రెండేళ్లు ఇదే వాదన. రోజూ అన్నం దగ్గర ఇండియా, అంటార్కిటికా. వెంకటరత్నం పైకి విసుక్కునేవాడు. కానీ ఆ పిల్ల రాకముందు ఆ ఇంట్లో అన్నం దగ్గర మాటే ఉండేది కాదు. ఆమె థీసిస్ అప్పగించిన రోజు ఆయన వీధిలో అందరికీ దూద్‌పేడాలు పంచాడు. ఒక్క ఇల్లు తప్ప.

వైవా రోజు వచ్చింది. పదకొండు గంటలకు యూనివర్సిటీలో. పరీక్ష చేసే పెద్దాయన డెహ్రాడూన్ నుంచి వచ్చాడు, మధ్యాహ్నం విమానానికి వెళ్లిపోతాడు. ఈరోజు తప్పితే ఆయన మళ్లీ దొరికేది ఏ చలికాలానికో. ఫణిశ్రీకి బిలాస్‌పూర్ కాలేజీలో ఉద్యోగం ఖాయమైంది, కానీ ఈ వారంలో పీహెచ్‌డీ చూపిస్తేనే. లేకపోతే వరసలో వెనకున్నవాడికి.

ముందురోజు మొదలైన వాన ఇంకా తెరిపి ఇవ్వలేదు. ఫణిశ్రీ పెద్దమ్మ పట్టుచీర కట్టుకుంది. వెంకటరత్నం కొత్త చొక్కా వేసుకున్నాడు. వైవాకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని ఆమె చెప్పినప్పటి నుంచి ఆ చొక్కా ఇస్త్రీలో ఉంది. ఉప్మా తింటూ ఆమె పాఠం ఒప్పజెబుతోంది, ఆయన ఎగ్జామినరు వేషంలో కాలు మీద కాలేసుకుని వింటున్నాడు.

"ఫాల్తూ మాట. రుజువేటి?" అన్నాడు ఆయన.

అప్పుడు నేల పేలింది.

టపాకాయల దండకు నిప్పంటించినట్టు వీధి తలుపు దగ్గర టైల్సు ఒకదాని తర్వాత ఒకటి లేచి నిలబడ్డాయి. కాంక్రీటు పగిలి పైకి ఉబికింది. చెప్పుల స్టాండు ఒక పక్కకు ఒరిగి, కాస్త ఆలోచించి, పడిపోయింది. తలుపు వెనక ఒక గట్టు తయారైంది. ఇద్దరూ ఉప్మా చేతుల్లోనే పెట్టుకుని చూశారు.

ఫణిశ్రీ పరుగెత్తుకెళ్లి గట్టు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె ముఖం వెలిగిపోయింది. "పెదనాన్నా, తలుపు దాకా వచ్చేసింది. చూడు, చూడు." పగులులోంచి ఒక గడ్డ తీసింది. నల్లగా ఉంది, లోపల తెల్లటి పిండి. "ఇది మొరమా?"

"మొరమే. నల్ల మొరం."

ఆమె ఆయన వైపు ఒక చూపు చూసింది. తర్వాత గడియారం చూసింది. తర్వాత తలుపు లాగింది.

తలుపు లోపలికి తెరుచుకునేది. గట్టు దానికి అడ్డం. అది ఇనుప తలుపు, ప్లాంటులో పాత రేకులతో చేయించింది. వెంకటరత్నం గునపం తెచ్చి గట్టు మీద వేశాడు. గునపం టంగుమని ఎగిరి చెయ్యి జివ్వుమంది. కొలిమిలో మండిన మడ్డి, ఊరికే విరగదు. బయట పాలవాడు ఆగాడు, "కా హోగే కకా?" అని ఛత్తీస్‌గఢీలో ఏమైందని అడిగి, విషయం తెలిశాక మరో నలుగుర్ని పిలిచాడు. వాళ్లు హైసా అని నెట్టారు. తలుపు లోపలికి నెడితే గట్టుకు ఇంకా గట్టిగా బిగుసుకుంది. వాళ్లు ఇంకా ఉత్సాహంగా నెట్టారు.

డాబా మెట్లు బయట వీధి వైపు ఉన్నాయి. పెరటి తలుపు ఉన్నచోట ఇటుకలు. నిండు గోడ, డబుల్ ఇటుక, నాలుగుకు ఒకటి సిమెంటు. వెంకటరత్నం దగ్గరుండి కలిపించింది. కిటికీ ఊచలు చూశాడు. ఆ రోజు వెల్డర్ను ఎంత మెచ్చుకున్నాడో గుర్తొచ్చింది.

వెల్డరు ఉమేష్‌కే ఫోన్ చేశాడు. గ్యాస్ కట్టరు తీసుకుని వస్తున్నానన్నాడు ఉమేష్. కొంతసేపటికి మళ్లీ చేస్తే టాటీబంధ్‌లో ఉన్నానన్నాడు. మూడోసారి చేస్తే ఇంకా టాటీబంధ్‌లోనే ఉన్నానని, ఒక పెద్ద ట్రాలా లారీ అడ్డం తిరిగిందని, ఇప్పుడే సమోసా తింటున్నానని చెప్పాడు.

ఫణిశ్రీ నవ్వు ఆగింది. "పెదనాన్నా, తొమ్మిదిన్నర దాటింది."

ఆమె రత్నకుమారికి ఫోన్ చేసింది. ఈ రెండేళ్లుగా ఆమె నంబరు ఫణిశ్రీ దగ్గర ఉందన్న సంగతి వెంకటరత్నానికి అప్పుడే తెలిసింది. పాత తలుపు చోట గోడ తట్టి చూశాను, డొల్లగా మోగుతోంది, ఒంటి ఇటుకే ఉంది, మీ వైపు నుంచి కూడా కొడితే దారి అవుతుంది అని చెప్పింది ఫణిశ్రీ. రత్నకుమారి సరేనంది. తర్వాత ఫోన్లో గుసగుసలు. తర్వాత రత్నకుమారి గొంతు, సిగ్గుపడుతూ.

"ఏమీ అనుకోకమ్మా. మీ అంకులు గోడకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గోడ తనదంట. అన్నయ్యగారు తన నోటితో అడగాలంట."

ఫణిశ్రీ ఫోన్ దించి పెదనాన్న వైపు చూసింది. పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని, లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని, వంకర మంచం అంచున కూర్చుంది. కూర్చుని కొంచెం కొంచెంగా కిందికి జారుతోంది. ఆ ముఖం అచ్చం అప్పలనరసమ్మ ముఖం. ఏదీ అడగని ముఖం.

వెంకటరత్నం గోడ దగ్గరకు వెళ్లాడు. తొమ్మిదేళ్లు. అడగడమంటే ఏ మాటతో మొదలుపెట్టాలి? నోరు తెరిచాడు. వచ్చింది ఇది.

"జాకీ దించు."

అవతల కుర్చీ చప్పుడు.

"ఏందీ?" అన్నాడు డేనియల్.

"తెల్దేటి నీకు? తొమ్మిదేళ్ల బట్టి పంపు కొడతన్నావు. పిల్ల వైవా ఉన్నాది. ఇవాల్టికి దించు, రేపు మళ్లీ ఎత్తుకో."

"ఓరి నీ... జాకీ నీ దగ్గర కదటయ్యా ఉంది? నా వంటింట్లో స్టవ్వు మీద పాలు ఒక పక్కకే పొంగుతున్నాయి. మా ఆవిడ స్టెతస్కోపు పెట్టి నీ పంపు చప్పుడు నేనే విన్నా."

"అది నా ఊపిరి. గ్లాసు ఎట్టి నీ పంపు ఇంటన్నాను."

"అది నా ఊపిరయ్యా."

ఇంత పెద్ద విషయం జీర్ణం కావడానికి కొంత సమయం పట్టింది. మంచం మీద ఫణిశ్రీ నవ్వుతోంది. ఆపుకోవాలని చూసింది, కుదరక సంచితో సహా నేల మీదికి జారిపోయింది. అవతల రత్నకుమారి నవ్వు. వీధి తలుపు అవతల ఎందుకో తెలియకపోయినా నెట్టేవాళ్లు కూడా నవ్వుతున్నారు.

"అంకుల్, పునాదిలో ఏం పోశారు?" అని అరిచింది ఫణిశ్రీ.

"స్లాగమ్మా. మీ పెదనాన్న తెచ్చిందే. పచ్చిది."

"టిప్పరు నీదే కదా," అన్నాడు వెంకటరత్నం.

"టిప్పరు ఉబ్బుద్దా?"

"సందుకు రేకు ఎయ్యనిచ్చినావా? వానంతా లోనికి ఎల్లింది."

"నువ్వు వెయ్యనిచ్చావా?"

"మీరిద్దరూ ఆగుతారా," అంది ఫణిశ్రీ. "సందులో పడిన నీళ్లు ఏటేటా కొంచెం కొంచెం లోపలికి వెళ్లి స్లాగును ఉబ్బించాయి. ఇటూ అటూ. జాకీ లేదు. ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడు నేను వైవాకు వెళ్లాలి."

వెంకటరత్నం గొంతు సవరించుకున్నాడు. ఈసారి కాస్త తక్కువ చప్పుడుతో అన్నాడు. "డేనియలూ. పిల్లకి ఆలస్యమవుతున్నాది. గోడ కొట్టు."

"అట్టా అడుగు మరి," అన్నాడు డేనియల్. "నీ వైపు నువ్వు కొట్టు, నా వైపు నేను కొడతా. ఎవరిది ముందు పడుద్దో చూద్దాం."

ముసలివాళ్లిద్దరూ గునపాలు పట్టుకున్నారు. కొత్త చొక్కా, ఇస్త్రీ, అన్నీ పోయాయి. ఇటుకలు రాలుతున్నాయి. దగ్గు, దుమ్ము, మధ్యమధ్య తిట్లు. ఎవరిది ముందు పడిందో ఈనాటికీ తేలలేదు. దుమ్ము కాస్త తగ్గేసరికి జానెడు సందుకు అటొక తెల్లటి ముఖం, ఇటొక తెల్లటి ముఖం, సున్నం పూసిన దిష్టిబొమ్మల్లాగా. డేనియల్ చాలా ముసలివాడయ్యాడనుకున్నాడు వెంకటరత్నం. డేనియల్ కూడా అదే అనుకున్నట్టు చూశాడు.

సందులో మోకాలి లోతు బురద. ఒక షటిల్ కాకు, ఒక చెప్పు, పావురం ఈకలు. వాటి మధ్య ఒక స్టీలు గిన్నె. వెంకటరత్నం వంగి తీశాడు. బురద తుడిస్తే అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనబడింది. పి. అప్పలనరసమ్మ.

"అది వదినది," అంది రత్నకుమారి. "కాకరకాయ కూర. డాబా మీద నుంచి అందుకోబోతే జారిపోయింది."

"ఎప్పుడు?"

"గోడలు కట్టాక. రోజూ డాబా మీద నుంచే కదా ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. మీరిద్దరూ మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లు."

వెంకటరత్నం గిన్నెను చొక్కాకు తుడిచాడు. మళ్లీ తుడిచాడు. చొక్కా కన్నా గిన్నే శుభ్రంగా ఉంది, అయినా తుడిచాడు.

"దాటమ్మా," అన్నాడు ఫణిశ్రీతో.

ఆమె చీర ఎత్తిపట్టుకుని బంగాళాఖాతం దాటింది. డేనియల్ చెయ్యి అందించాడు. "అంటార్కిటికాకు స్వాగతం" అంది రత్నకుమారి. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారో ఇక అడగక్కర్లేదు.

వాన తెరిపి ఇచ్చింది, కానీ ఆటో దొరకలేదు. డేనియల్ పాత స్కూటర్ ఉంది. ముందు డేనియల్, మధ్యలో ఫణిశ్రీ, వెనక వెంకటరత్నం. బ్రేకు ఎప్పుడు వెయ్యాలో వెనక నుంచి వెంకటరత్నం చెబుతూనే ఉన్నాడు, డేనియల్ దానికి సరిగ్గా ఎదురు చేస్తూనే ఉన్నాడు. చౌరస్తాలో పోలీసు ఆపడానికి చెయ్యి ఎత్తాడు. సున్నంలో ముంచి తీసిన ఇద్దరు ముసలివాళ్ల మధ్య పట్టుచీర పిల్ల లాప్‌టాప్ గుండెకు హత్తుకుని కూర్చుని ఉండడం చూసి, తనకు తెలియని పండగేదో అనుకుని చెయ్యి దించాడు.

పదకొండుకు ఫణిశ్రీ బోర్డు ముందు ఉంది. జుట్టులో ఇటుక పొడి, చీర అంచుకు బురద. వెనక వరసలో ఇద్దరు తెల్లటి మనుషులు. వాళ్ల పక్క కుర్చీలు ఖాళీ.

ఇంగ్లీషులో జరిగింది చాలావరకు. వెంకటరత్నానికి అర్థమైనవి అల, కొండ, కోట్ల ఏళ్లు. గంట గడిచాక డెహ్రాడూన్ ఆయన కళ్లద్దాలు తీశాడు. హిందీలో అడిగాడు. మెత్తటి గొంతు, గట్టి ప్రశ్న. అంచు దగ్గర చీలితే అంత లోపల, అంత ఆలస్యంగా నేల ఎందుకు లేవాలి? లెక్కలు పక్కన పెట్టి, మామూలు మనిషికి చెప్పినట్టు చెప్పమ్మా.

ఫణిశ్రీ బోర్డు మీద రెండు పెట్టెలు గీసింది. మధ్యలో సన్నటి సందు గీసింది. "ఇది మా పెదనాన్న ఇల్లు," అంది. చెప్పుకుంటూ పోయింది. మోటారు, రేకు, స్లాగు, బీరువా, జాకీ. ఊపిరి దగ్గరకు వచ్చేసరికి గది మొత్తం నవ్వుతో ఊగిపోతోంది. "వాళ్లే" అని ఆమె వెనక్కి చూపించగానే అందరూ తిరిగారు. పేరు పిలిచిన ముద్దాయిల్లాగా వెంకటరత్నం, డేనియల్ ఒకేసారి లేచి నిలబడ్డారు.

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. నవ్వాడు కదా అని వదల్లేదు. "కథ బాగుంది. ఈ ఇల్లు భూమికి ఎక్కడ సరిపోదో చెప్పు."

వెంకటరత్నం మెల్లగా కూర్చున్నాడు. ఇంట్లో తను రెండేళ్లు అడిగిన ప్రశ్నల్లో ఇది లేదు.

"కారణం దగ్గర సరిపోదు సర్," అంది ఫణిశ్రీ. "మా ఇంట్లో కింద ఉన్నది ఉబ్బి పైకి తోసింది. భూమిలో కింద ఉన్నది ఊడి జారిపోతుంది, బరువు తగ్గి పైది తేలుతుంది. రెండూ ఒకటి కాదు. నడక ఒక్కటే సరిపోతుంది. చీలిక దగ్గర మొదలై, లోపలికి, ఆలస్యంగా. నా పనిలో నేను చూపించింది ఆ నడకే. కింద నిజంగా బరువు ఊడిందా అన్నది ఇంకా గట్టిగా చూడాలి. అది నేను చూశానని రాయలేదు."

పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "రాయలేదు, అవును. అందుకే అడిగాను," అన్నాడు. తర్వాత లేచి ఆమెతో చెయ్యి కలిపి డాక్టర్ ఫణిశ్రీ అన్నాడు. ఆయన చేతికి కూడా సున్నం అంటుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద ముగ్గురూ, ఒక పేడా డబ్బా. వీధి తలుపు ఇంకా బిగుసుకునే ఉంది. పాలవాడి మనుషులు అలసిపోయి వెళ్లిపోయారు. ఉమేష్ టాటీబంధ్ దాటాడు. అందుకని డేనియల్ ఇంట్లోంచే వెళ్లాలి. దుమ్ము కడగడానికి డేనియల్ తన మోటారు వేశాడు. వెంకటరత్నం కన్నం దాటి తన ఇంట్లోకి వెళ్లి తన మోటారు వేశాడు. రెండు నేలలూ తవ్వాలి, స్లాగంతా తీసి పారెయ్యాలి, పెద్ద పని. అంతవరకు సందు మీద ఒక చెక్క వేద్దామన్నాడు డేనియల్.

వేశాడు.

"వంకరగా ఉన్నాది," అన్నాడు వెంకటరత్నం.

"చెక్క తిన్నగానే ఉంది. నీ నేల వంకర."

స్పిరిట్ లెవెల్ తెచ్చారు. చెక్క మీద పెట్టి, అటొకరు ఇటొకరు బోర్లా పడుకుని, గాజుగొట్టంలో బుడగ ఎటు పోతుందో చూశారు. ఒకడు అటన్నాడు, ఒకడు ఇటన్నాడు. ఫణిశ్రీ, రత్నకుమారి పేడాలు తింటూ వాళ్ల మీదుగా దాటి అటూ ఇటూ తిరుగుతున్నారు. రత్నకుమారి చేతిలో ఆ స్టీలు గిన్నె ఉంది, అందులో కాకరకాయలు.

"ఇయన్నీ సరే," అన్నాడు వెంకటరత్నం, చెంప చెక్కకు ఆనించి. "క్షమించినాననుకోకు. ఆ మోటారు ఏసి మర్సిపోయింది నువ్వే."

"నేనా? చర్చి మీద ఒట్టు, నువ్వే."

"నువ్వే."

"నేను జన్మలో మోటారు మర్చిపోలేదయ్యా."

"నేను మర్సిపోయినానేటి?"

పైన డాబా మీద రెండు ట్యాంకులు నిండాయి. అటుది ఇటుకు, ఇటుది అటుకు పొర్లి, రెండు ధారలూ కలిసి సరిగ్గా సందులోకి, ఇద్దరి తలల మీదుగా దిగాయి.